జానెడు లోతు నీళ్ళు – కొల్లేటి వలస బాతులు



నీళ్ళుంటే నీటిపక్షులు వాటంతట అవే వస్తాయని మనం అనుకుంటాం. ఈ మాట సగమే నిజం. కొల్లేటి వైపు వెళ్ళి చూడండి, రోడ్డుకు రెండు పక్కలా ఎటు చూసినా నీళ్ళే. అయినా దూరదేశాల నుంచి వచ్చే బాతులకు అక్కడ చోటు తగ్గిపోయింది. నీళ్ళు కళ్ళెదుట ఉండగా పక్షులకు చోటెలా తగ్గింది? ఈ నెల సైన్సు పేజీలో నేను రాసేది దీని గురించే. మధ్యలో ఒక లెక్క కూడా ఉంది. భయపడకండి, ఆరో తరగతి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చేయగలిగిన లెక్కే.

ఎక్కడో ఉన్న కొల్లేరు మనకెందుకు అని కొందరు అడగొచ్చు. మన వైపు కొండల్లో పుట్టిన తమ్మిలేరు చింతలపూడి ప్రాంతం దాటి, ఏలూరు మీదుగా పోయి కొల్లేట్లో కలుస్తుంది. మా ఊరి వాగు ఆ తమ్మిలేట్లోనే కలుస్తుంది. అంటే మా గూడెం చూరు నుంచి కారిన వాన నీళ్ళు కొల్లేట్లో బాతు కాళ్ళ కింద చేరతాయి. అందుకని ఇది మన పాఠమే.

వచ్చేది ఎవరు?

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లపు నేల కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అనే ఏళ్ళు, ఇంకా అరవైకి పైగా కాలవలు, డ్రెయిన్లు దానిలోకి నీళ్ళు తెస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు అరవై కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఉత్తరాన సైబీరియాలో, మధ్య ఆసియాలో చెరువులు గడ్డకట్టుకుపోతాయి. బాతు ఒంటికి మెత్తటి ఈకలుంటాయి కనుక చలి కొంత ఓర్చుకోగలదు. ఓర్చుకోలేనిది ఆకలి. తిండి మంచు కింద ఉండిపోతుంది. అందుకే అవి హిమాలయాలు దాటి మన దేశానికి వస్తాయి, మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరిగి వెళ్ళిపోతాయి. శాస్త్రజ్ఞులు ఈ దారికి 'మధ్య ఆసియా వలస మార్గం' అని పేరు పెట్టారు. తోక సూదిలా పొడుగ్గా ఉండే పిన్‌టెయిల్, మూతి పారలా వెడల్పుగా ఉండే షవలర్, చిన్నగా ఉండే గార్గనీ, ఇవన్నీ ఆ దారిన వచ్చే బాతులే.

ఇక్కడ ఒక పొరపాటు సరిచేయాలి. మన పల్లెల్లో చింతచెట్ల మీద గూళ్ళు కట్టే పెద్ద కొంగలను చాలామంది 'సైబీరియా కొంగలు' అంటారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూళ్ళు కట్టే పక్షుల గురించి కూడా అలాగే చెప్పుకుంటారు. అవి ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు, నత్తగుల్ల కొంగల వంటివి. మన దేశంలోనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతాయి. గుర్తు పెట్టుకోవడానికి సులువైన సూత్రం ఇది: ఇక్కడ గూడు కట్టి పిల్లల్ని లేపితే అది సైబీరియా నుంచి వచ్చిన పక్షి కాదు. నిజంగా సైబీరియా నుంచి వచ్చే బాతు ఇక్కడ గూడు కట్టదు. తింటుంది, నిద్రపోతుంది, మళ్ళీ ఎగిరే బలం కూడగట్టుకుంటుంది. ఇక్కడ దానికి కావలసింది తిండి, భయం లేని చోటు. ఈ రెండే.

ఎవరికి ఎంత లోతు?

మనకు అన్నం పళ్ళెంలో పెడితే తింటాం. అదే అన్నం అటక మీద పెడితే చూస్తూ కూర్చోవాలి. పక్షులకు తిండి నీటి అడుగున, బురదలో ఉంటుంది. మెడ, ముక్కు, కాళ్ళు ఎంత పొడుగో అంత లోతు వరకే దానికి అందుతుంది. నేను చదివినదాన్ని మన కొలతల్లో ఇలా రాసుకున్నాను.

వేలెడు లోతు, తడి బురద – ఉల్లంకి పిట్టలు. ముక్కు బురదలో గుచ్చి పురుగులు తీస్తాయి.

బెత్తెడు, ఇంకొంచెం ఎక్కువ – పొడుగు కాళ్ళ, పొడుగు ముక్కుల గాడ్విట్ వంటి పిట్టలు.

జానెడు, మహా అయితే అడుగు – పిన్‌టెయిల్, షవలర్, గార్గనీ బాతులు. ఇవి పూర్తిగా మునగవు. పిన్‌టెయిల్ తల కిందికి, తోక పైకి పెట్టి అడుగునున్న గింజలు, దుంపలు ఏరుకుంటుంది. షవలర్ తన పారమూతితో నీళ్ళను జల్లెడ పట్టి చిన్న పురుగుల్ని తింటుంది.

నడుము లోతు, నిలువు లోతు – పోచార్డ్ వంటి బుడుంగున మునిగే బాతులు. గూడబాతులు కూడా లోతు నీళ్ళలో చేపలు పట్టగలవు.

ఈ పట్టిక చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. వలస వచ్చే పిట్టల్లో చాలా రకాలకు పనికివచ్చేది అడుగు లోపు నీళ్ళే. దానికన్నా లోతైన నీళ్ళ మీద అవి తేలగలవు, నిద్రపోగలవు. కడుపు మాత్రం నిండదు.

పళ్ళెం, బకెట్టు

ఇప్పుడు లెక్క. మన మెస్సు పళ్ళెంలో ఒక గ్లాసు నీళ్ళు పోయండి. పళ్ళెమంతా పరుచుకుంటాయి. అదే గ్లాసు బకెట్టులో పోస్తే అడుగున ఉండిపోతాయి. కొల్లేరు పళ్ళెం వంటిది.

కొల్లేటి విస్తీర్ణాన్ని 'కాంటూరు'తో చెబుతారు. కాంటూరు అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలుపుతూ గీసిన గీత. సముద్ర మట్టానికి 10 అడుగుల ఎత్తు గీత దాకా నీళ్ళుంటే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. 5 అడుగుల గీత దాకా తగ్గితే 308 చదరపు కిలోమీటర్లు. తేడా 593. నీటిమట్టం ఐదే అడుగులు దిగింది, అంటే మన తొమ్మిదో తరగతి పిల్లవాడి ఎత్తంత. అంతలోనే మూడింట రెండు వంతుల మేర నీళ్ళలోంచి బయటపడింది. నేల అంత చదునన్నమాట.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒడ్డున నేల ప్రతి 1000 అడుగుల దూరానికి 1 అడుగు చొప్పున దిగుతోందనుకోండి. జాన అంటే సుమారు 9 అంగుళాలు, ముప్పావు అడుగు. ఒడ్డు నుంచి జానెడు లోతు వరకు ఉన్న నీటి పట్టీ వెడల్పు ఎంత? 1000ని ముప్పావుతో హెచ్చిస్తే 750 అడుగులు. బాతులకు 750 అడుగుల వెడల్పు భోజనశాల!

ఇప్పుడు అదే చోట చేపల చెరువు తవ్వి గట్టు వేశారనుకోండి. గట్టు లోపలి వాలు 2 అడుగుల దూరానికి 1 అడుగు దిగుతుంది. జానెడు లోతు పట్టీ ఎంత? 2 ను ముప్పావుతో హెచ్చిస్తే ఒకటిన్నర అడుగు. ఆ తర్వాత అంతా లోతే.

750కి, ఒకటిన్నరకు తేడా 500 రెట్లు. చెరువులు ఎక్కువైతే గట్లూ ఎక్కువే కదా, అన్నీ కలిపితే సరిపోదా అని మా బెంచీ మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్న. కాని ఒక ఒడ్డు బదులు 500 గట్లు ఉంటేగాని సరికి సరి కావు. పైగా గట్టు మీద మనుషులు, కుక్కలు తిరుగుతూ ఉంటారు. చేపలను కాపాడుకోవడానికి టపాకాయలు పేలుస్తారు, డబ్బాలు మోగిస్తారు. పక్షికి ఆ ఒకటిన్నర అడుగు కూడా దక్కదు.

ఇంకో ముఖ్య విషయం. పళ్ళెంలో నీళ్ళు ఒకేచోట ఆగవు. వానాకాలం పొంగుతాయి, చలికాలం నుంచి మెల్లగా దిగుతాయి. అడుగు నీళ్ళు దిగితే 1000 అడుగుల నేల బయటపడుతుంది. ఈ వారం జానెడు లోతున్న చోటు వచ్చే వారం బురద అవుతుంది, ఈ వారం మోకాలి లోతున్న చోటు జానెడుకు వస్తుంది. అంటే భోజనశాల రోజూ కొంచెం కొంచెం జరుగుతూ కొత్త తిండి చూపిస్తుంది. ఎండలో ఆరిన నేలమీద గడ్డి మొలిచి గింజ రాలుస్తుంది. వచ్చే ఏడాది నీళ్ళొచ్చినప్పుడు ఆ గింజే బాతుల అన్నం. చేపల చెరువులో మట్టం ఏడాదిలో ఎక్కువ కాలం ఒకేలా నిలబెడతారు. పట్టుబడి రోజుల్లో నీళ్ళు తోడేసినప్పుడు మాత్రం బురద తేలుతుంది. అప్పుడు చూడండి, ఎక్కడెక్కడి కొంగలూ అక్కడే వాలతాయి. నాలుగు రోజుల పండగ, అంతే.

కొల్లేరు ఎలా మారింది?

1970లలో చేపలవాళ్ళ సహకార సంఘాలకు చెరువులు తవ్వించే పని ప్రభుత్వమే మొదలుపెట్టింది. పేదవాళ్ళకు ఆదాయం రావాలన్నది ఉద్దేశం. 1980లు, 1990లలో చేపల వ్యాపారం పెరిగింది. డబ్బున్న బయటివాళ్ళు లీజులకు తీసుకుని పెద్ద పెద్ద చెరువులు తవ్వారు. సరస్సులో వల వేసుకుని బతికిన చాలామంది గట్ల మీద కూలీలయ్యారు. 2000ల మొదట్లో ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్కపెడితే సరస్సు లోపల వెయ్యికి పైగా చేపల చెరువులు తేలాయి.

చెరువులు పెరిగేకొద్దీ ఇంకా కొన్ని చిక్కులు వచ్చాయి. గట్లు అడ్డమై వరదనీళ్ళు ఉప్పుటేరుకు సాఫీగా పోవు. పట్టణాల మురుగు, పొలాల ఎరువులు, చెరువుల్లో వేసిన మేత కుళ్ళు చేరి గుర్రపు డెక్క దట్టంగా అల్లుకుంటుంది. పైనుంచి చూస్తే పచ్చగా బాగుంటుంది కాని బాతు దిగడానికి నీళ్ళు కనిపించవు. ఎండాకాలం మంచినీళ్ళు తగ్గితే సముద్రపు పోటు ఉప్పుటేరు గుండా వెనక్కి ఎక్కుతుంది. మంచినీటి గడ్డికి ఉప్పు పడదు.

ప్రభుత్వం 1999లో 5 అడుగుల కాంటూరు లోపలి భాగాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. రామ్‌సర్ ఇరాన్‌లో ఒక ఊరు. 1971లో అక్కడ కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలలను ఈ జాబితాలో చేరుస్తారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. దాన్నే 'ఆపరేషన్ కొల్లేరు' అన్నారు. తర్వాత కొన్నిచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. బతుకుతెరువు చూపకుండా గట్టు కొట్టేస్తే మళ్ళీ లేస్తుందని నాకనిపిస్తుంది. దీని మీద మీరు వేరేగా అనుకుంటే వచ్చే నెల రాయండి.

గూడబాతులున్నాయి కదా!

పోయిన జనవరిలో మా తరగతిని కైకలూరు దగ్గర ఆటపాకకు తీసుకెళ్ళారు. అక్కడ నీళ్ళలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ముక్కు కింద సంచి వేలాడుతూ పిల్లలకు చేప తినిపిస్తుంటే ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. ఇన్ని పక్షులుంటే కొల్లేరు బాగున్నట్టే కదా అని మాలో చాలామంది అన్నారు.

గూడబాతుల కథ నిజంగా సంతోషకరమైనదే. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రవేత్త కొల్లేటి ప్రాంతంలో వీటి గూళ్ళ కాలనీ ఉందని లోకానికి తెలియజేశారు. 1970ల మధ్యకు వచ్చేసరికి అవి ఆ చోటు వదిలేశాయి. మళ్ళీ కాపాడే ఏర్పాట్లు జరిగాక తిరిగి వచ్చి గూళ్ళు కడుతున్నాయి.

కాని గూడబాతు తినేది చేప. లోతు నీళ్ళు దానికి అడ్డం కాదు. దానికి కొరతగా ఉన్నది గూటికి చోటు. స్టాండ్లు వేసి ఆ కొరత తీర్చాం. పిన్‌టెయిల్‌కు స్టాండు అక్కర్లేదు, దానికి జానెడు నీళ్ళు కావాలి. ఒక పక్షి బాగుందంటే అన్నీ బాగున్నాయని అనుకోకూడదు. ఏ పక్షికి ఏది తక్కువైందో విడివిడిగా చూడాలి. ఆటపాక వెళ్ళి నేను నేర్చుకున్నది ఇదే.

చైనాలో ఒక పెద్ద పళ్ళెం

ఇది కొల్లేటికే పరిమితమైన సంగతి కాదు. అసలు సిసలు సైబీరియా కొంగ అంటే తెల్లగా, మనిషి ఛాతీ ఎత్తు ఉండే క్రేన్ పక్షి. కొన్ని ఒకప్పుడు రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేవి. దారిలో వేట వంటి కారణాల వల్ల ఆ గుంపు తరిగిపోయి, 2002 తర్వాత రాలేదు. ఇప్పుడు ప్రపంచంలో మిగిలిన ఈ పక్షుల్లో దాదాపు అన్నీ చలికాలం గడిపేది చైనాలో, యాంగ్‌ట్సీ నదికి ఆనుకుని ఉన్న పోయాంగ్ సరస్సు దగ్గర.

పోయాంగ్ కూడా పళ్ళెమే. వేసవి వరదల్లో 3000 చదరపు కిలోమీటర్లు దాటుతుంది, చలికాలం వెయ్యి లోపుకు తగ్గుతుంది. అక్కడ ఒక రకం నీటిగడ్డి వేళ్ళకు చిన్న దుంపలుంటాయి. కొంగలు లోతు తక్కువ నీళ్ళలో నిలబడి వాటిని తవ్వుకుని తింటాయి. 2010 వేసవిలో పెద్ద వరద వచ్చింది. నీళ్ళు లోతై వెలుతురు అడుగుకు చేరలేదు, గడ్డి పెరగలేదు. ఆ చలికాలం కొంగలు దుంపలు లేక సరస్సు వదిలి గడ్డి మైదానాల్లో వేరే మొక్కల వేళ్ళు తవ్వుకున్నాయి. తర్వాతి ఏళ్ళలో తామర మడులకు, వరి పొలాలకు కూడా వెళ్ళడం మొదలుపెట్టాయి.

దీనికి తిరగేసిన కష్టం కూడా ఉంది. యాంగ్‌ట్సీ మీద కట్టిన త్రీ గోర్జెస్ డ్యాంలో 2003 నుంచి నీళ్ళు నింపుతున్నారు. శరత్కాలంలో అక్కడ నీళ్ళు ఆపితే దిగువన నది మట్టం తగ్గుతుంది. సరస్సు నుంచి నదిలోకి పోయే దారిలో ఇసుక తవ్వి అది లోతయింది కూడా. ఈ రెండింటితో సరస్సు నీళ్ళు ముందుగానే దిగిపోతున్నాయి. ముందు దిగితే గడ్డి ముందే మొలుస్తుంది, బాతులు వచ్చేసరికి ముదిరిపోతుంది. నీళ్ళు ఎక్కువైనా చిక్కే, ముందే దిగినా చిక్కే. పక్షి మాత్రం తన నెలకే వస్తుంది.

ఆకలి ఇక్కడ, నష్టం అక్కడ

సరైన తిండి దొరక్కపోతే బాతు వెంటనే చచ్చిపోదు. తిరుగు ప్రయాణానికి ముందు ఒంట్లో కొవ్వు నిల్వ చేసుకోవాలి. అదే దాని దారిబత్తెం. నిల్వ తక్కువైతే ఆలస్యంగా బయలుదేరుతుంది, లేదా బలహీనంగా చేరుతుంది. అక్కడ వేసవి చాలా కొద్దికాలం. ఆలస్యమైతే గుడ్లు, పిల్లలు తగ్గుతాయి. కాబట్టి కొల్లేట్లో జరిగిన నష్టం సైబీరియాలో ఖాళీ గూడుగా బయటపడుతుంది. మనకు కనిపించదు.

అందుకే లెక్క కావాలి. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటిపక్షుల గణన జరుగుతోంది. గుంపును చూసి ముందు పది పక్షుల్ని లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు పట్టాయో కళ్ళతో కొలిచి, అలాంటి ముక్కలు ఎన్నున్నాయో చూస్తారు. కాని జాగ్రత్త! ఒక చెరువులో పక్షులు తగ్గితే చచ్చిపోయాయని కాదు, పక్క చెరువుకు పోయి ఉండొచ్చు. ఒక్క ఏడాది లెక్క, ఒక్క చెరువు లెక్క సరిపోవు. చాలా చోట్ల, చాలా ఏళ్ళు లెక్కపెట్టాలి.

ఏం చేయొచ్చు?

మనుషులకు తిండి, పక్షులకు తిండి రెండూ కుదరవా? అమెరికాలో కాలిఫోర్నియాలో కొంత కుదిరింది. అక్కడి సాక్రమెంటో నదీలోయలో పాత చిత్తడి నేలలు దాదాపు అన్నీ పొలాలైపోయాయి. రైతులు వరి కోశాక గడ్డి తగలబెట్టేవారు. పొగ ఎక్కువైందని 1991లో దాన్ని తగ్గించే చట్టం వచ్చింది. అప్పుడు రైతులు చలికాలంలో పొలానికి కొద్దిపాటి నీళ్ళు పెట్టి గడ్డిని కుళ్ళబెట్టడం మొదలుపెట్టారు. ఆ నీళ్ళలోకి బాతులు దిగి రాలిన గింజ తింటాయి, తొక్కితొక్కి గడ్డిని తొందరగా కుళ్ళేలా చేస్తాయి. రైతుకూ పని అయింది, బాతుకూ అన్నం దొరికింది. కారణం అక్కడా జానెడు లోపు నీళ్ళే.

మన ఊళ్ళ చెరువుల్లో పూడిక తీసేటప్పుడు పొక్లెయిను పెట్టి నాలుగు పక్కలా నిలువుగా కోసేస్తారు. పూడిక తీయాల్సిందే, పొలాలకు నీళ్ళు కావాలి. ఒక్క పక్కన మాత్రం వాలు అలాగే వదిలితే చాలు. పశువులు నీళ్ళు తాగడానికి దిగుతాయి, చిన్నపిల్లలు జారిపడరు, పిట్టలూ దిగుతాయి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళకు ఈ ఒక్క మాట చెప్పండి.

వార్డెన్ గారికి ఒక మనవి. వచ్చే జనవరిలో ఒక ఆదివారం ఉదయం మమ్మల్ని ఊరి చెరువు దగ్గరికి పంపితే పక్షుల్ని లెక్కపెట్టి, కర్రతో లోతు కొలిచి, ఏ లోతులో ఏ పక్షి ఉందో ఈ గోడ మీదే రాసి పెడతాం. ఏటా రాస్తే మన స్కూలుకు సొంత లెక్క ఉంటుంది.

ఆలోచించండి, రాయండి

1. నేల 500 అడుగులకు 1 అడుగు దిగితే జానెడు లోతు పట్టీ వెడల్పు ఎంత?

2. చింతచెట్టు మీద గూడు కట్టిన కొంగను సైబీరియా పక్షి అనకూడదు. ఎందుకు?

3. పైన వాగు మీద రిజర్వాయరు కడితే కింద సరస్సులో పక్షులకు ఏ నెలలో నీళ్ళు తగ్గవచ్చు, ఏ నెలలో పెరగవచ్చు? తమ్మిలేరు మీద నాగిరెడ్డిగూడెం దగ్గర రిజర్వాయరు ఉంది. ఆ వైపు ఊళ్ళవాళ్ళు అడిగి తెలుసుకుని రండి.

జవాబులు తెల్లకాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి, మెస్సు హాలు బయట ఉన్న గోడపత్రిక డబ్బాలో వేయండి. సరైన జవాబులు వచ్చే సంచికలో అంటిస్తాం.

– సైన్సు పేజీ, తొమ్మిదో తరగతి